బిగ్ 12ను వదలడమే నెబ్రాస్కాను దెబ్బతీసిందా?

ప్రశ్న

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్స్‌ల (తమలో తాము ఆడుకునే విశ్వవిద్యాలయ జట్ల కూటముల) విస్తరణ గురించి ఎప్పుడు మాట వచ్చినా నెబ్రాస్కానే ఉదాహరణగా చూపుతారు. 1970, 1971, 1994, 1995, 1997 సీజన్లలో జాతీయ చాంపియన్‌గా నిలిచిన ఆ జట్టు 2011లో బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌ను వదిలి బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరింది. ఆ తర్వాత ఒక్క కాన్ఫరెన్స్ టైటిల్ కూడా గెలవలేదు. 2016 తర్వాత మళ్లీ బౌల్ మ్యాచ్ (సీజన్ చివర మంచి జట్లకు దక్కే అదనపు మ్యాచ్) ఆడడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. 2024లో టెక్సస్, ఓక్లహామా విశ్వవిద్యాలయాలు ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌కు, పశ్చిమ తీరపు విశ్వవిద్యాలయాలైన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు వెళ్లిపోయాక, వీటిలో ఏదో ఒకటి రేపటి నెబ్రాస్కా కాక తప్పదన్న వాదన ఎక్కువగా వినిపిస్తోంది. ఇంత పేరున్న జట్టు కాన్ఫరెన్స్ మారినందుకే చతికిలబడిందా, లేక అంతకు ముందే మొదలైన పతనం కొత్త చోట బయటపడిందా? రాబడి పెరిగినా గెలుపులు ఎందుకు పెరగలేదన్నది నా అసలు సందేహం.

జవాబు 1

విస్తరణ ఎన్నడూ గెలుపుల కోసం జరగలేదు కాబట్టి ముందుగా డబ్బు సంగతి చూడాలి. 1984 దాకా ఏ మ్యాచ్ టీవీలో రావాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనిపించాలో కళాశాల క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కగా, ఆ ఏడాది సుప్రీంకోర్టు ఆ పెత్తనాన్ని కొట్టివేసింది. ప్రసార హక్కులు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చాక, కలిసి అమ్మితే ఎక్కువ ధర వస్తుందని కాన్ఫరెన్స్‌లకు అర్థం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఎస్‌ఈసీ అర్కాన్సాను, సౌత్ కరొలైనాను చేర్చుకుని 12 జట్లతో 1992లో తొలి చాంపియన్‌షిప్ మ్యాచ్ నిర్వహించింది. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడగా, అందులోని నాలుగు టెక్సస్ జట్లు నెబ్రాస్కా, ఓక్లహామా ఉన్న పాత బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్‌తో కలవడంతో బిగ్ 12 ఏర్పడింది.

నెబ్రాస్కా అభిమానులు తరచూ మరచిపోయే విషయం ఇక్కడే ఉంది. ఓక్లహామాతో ఏటా జరిగే పోరు 2011లో పోయిందని అందరూ అంటారు, కానీ దానికి ఎసరు పెట్టింది 1996 నాటి ఏర్పాటు. రెండు జట్లనూ కాన్ఫరెన్స్‌లోని వేర్వేరు డివిజన్లలో (ఉప విభాగాల్లో) పెట్టినందువల్ల అవి ఏటా తలపడే ఆనవాయితీ తెగిపోయింది. 1971లో థాంక్స్‌గివింగ్ రోజున ఓక్లహామా సొంత ఊరు నార్మన్‌లో నెబ్రాస్కా 35–31తో గెలిచిన మ్యాచ్‌ను ఈనాటికీ ‘శతాబ్దపు ఆట’ అంటారు. అంతటి పోటీని ఒక డివిజన్ పట్టిక కోసం వదులుకున్నారంటే, ఆ తర్వాత జరిగినవేవీ ఆశ్చర్యం కలిగించకూడదు. దాని మీద టెక్సస్ పెత్తనం ఒకటి. ఆ విశ్వవిద్యాలయం 2011లో క్రీడా ప్రసార సంస్థ ఈఎస్‌పీఎన్‌తో 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని సొంత చానల్ పెట్టుకుంది. అంతకు ముందు, 2009 బిగ్ 12 ఫైనల్లో సమయం అయిపోయిందనుకున్నాక గడియారంలో ఒక్క సెకను తిరిగి చేర్చారు. టెక్సస్ ఫీల్డ్ గోల్ కొట్టి నెబ్రాస్కాపై 13–12తో గెలిచింది. ఆ సెకను వల్లే నెబ్రాస్కా వెళ్లిపోయిందనడం అతిశయోక్తే కానీ, వెళ్లేటప్పుడు అక్కడ కన్నీరు పెట్టినవారు తక్కువే.

జవాబు 2

పై వివరణతో ఏకీభవిస్తాను, కానీ పతనం తేదీని ఇంకా వెనక్కి జరపాలి. 2001 నవంబరులో బౌల్డర్‌లో కొలరాడో చేతిలో 62–36తో ఓడిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి. ఆ రోజు కొలరాడో రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) క్రిస్ బ్రౌన్ ఒక్కడే ఆరు టచ్‌డౌన్లు చేశాడు. అంత ఘోరంగా ఓడినా ర్యాంకింగ్‌ల లెక్కల పుణ్యమా అని నెబ్రాస్కా జాతీయ టైటిల్ మ్యాచ్‌కు వెళ్లి, మయామీ చేతిలో 37–14తో మళ్లీ ఓడింది. మరుసటి ఏడాది 7 గెలుపులు, 7 ఓటములు. 2003లో రెగ్యులర్ సీజన్‌లో 9 మ్యాచ్‌లు గెలిచిన కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ను తొలగించారు. 2004లో జట్టు 5–6తో ముగించింది, 1961 తర్వాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిది. ఇదంతా బిగ్ 12లో ఉండగానే జరిగింది.

దీనికి కారణాలు నెబ్రాస్కా గోడల లోపలా ఉన్నాయి, బయటా ఉన్నాయి. ఒక్కో జట్టు ఇవ్వగల స్కాలర్‌షిప్‌ల పరిమితి 1990లలో 85కు తగ్గాక, పెద్ద జట్ల బెంచీ మీద కూర్చోవలసిన ఆటగాళ్లు ఇతర జట్లలో చేరి నేరుగా ఆడసాగారు. ప్రతి జట్టూ టీవీలో కనిపిస్తున్నప్పుడు, ‘మా దగ్గరికి వస్తే దేశమంతా చూస్తుంది’ అన్న మాటకు విలువ లేకుండా పోయింది. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చే సొంత రాష్ట్రపు కుర్రాళ్లను ఏళ్ల తరబడి బరువులెత్తించి లైన్‌మెన్‌గా (ముందు వరుసలో ఎదుటివారిని నెట్టే ఆటగాళ్లుగా) తయారుచేసిన పాత కోచ్ టామ్ ఆస్బోర్న్ పద్ధతిని వారసులు సాగనివ్వలేదు. ఆ పైన కోచ్ బో పెలీని 2008 నుంచి 2014 దాకా ఏ సీజన్‌లోనూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు, వాటిలో నాలుగు సీజన్లు బిగ్ టెన్‌లోనివే, ఆయననూ పంపించివేశారు. నా దృష్టిలో కాన్ఫరెన్స్ మార్పు కంటే ఈ రెండు తొలగింపులే ఎక్కువ నష్టం చేశాయి.

జవాబు 3

కోచ్‌ల మీదే నెపం పెడితే ప్రశ్న అడిగినవారి అసలు సందేహం అలాగే మిగిలిపోతుంది. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు ఒక్క నెబ్రాస్కాకే రాదు, ప్రత్యర్థులకూ వస్తుంది. ఇప్పుడు 18 జట్లు తలా తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడితే మొత్తం 81 గెలుపులే ఉంటాయి. ఒప్పందం విలువ రెట్టింపైనా ఆ సంఖ్య 82 కాదు. వెనకటికి ఒక్కో ప్రాంతంలో ఒకటో రెండో జట్లు మకుటం పెట్టుకుని, బలహీనులను ఏటా ఓడించి ఆ పేరు నిలబెట్టుకునేవి. ఇప్పుడు మకుటాలున్నవారందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. అర్కాన్సా దీనికి అందరికంటే పాత సాక్ష్యం. 1964లో జాతీయ స్థాయిలో అజేయంగా నిలిచి, సౌత్‌వెస్ట్‌లో టెక్సస్‌కు సాటి అనిపించుకున్న ఆ జట్టు ఎస్‌ఈసీలో మూడు దశాబ్దాలు దాటినా ఒక్క టైటిల్ గెలవలేదు.

టెక్సస్ రాష్ట్రం నుంచి ఆటగాళ్లను చేర్చుకునే విషయంలో కూడా నెబ్రాస్కాకు నిజమైన నష్టమే జరిగింది. బిగ్ 12లో ఉండగా అక్కడి హైస్కూలు కుర్రాడికి, ‘నీ తల్లిదండ్రులు చూడగలిగేంత దగ్గరలో కూడా ఆడతాం’ అని చెప్పగలిగేవారు. బిగ్ టెన్‌లో చేరాక ఆ మాట పోయింది. దూరం ఆట మీద కూడా ప్రభావం చూపుతుంది: 2023 సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడిన వాషింగ్టన్, మరుసటి సెప్టెంబరులో ఒక శుక్రవారం రాత్రి ఖండాన్ని దాటి న్యూజెర్సీ వెళ్లి రట్గర్స్ చేతిలో 21–18తో ఓడింది, సీజన్‌ను 6–7తో ముగించింది. కోచ్, క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపే ఆటగాడు) ఇద్దరూ మారిన జట్టది కాబట్టి నెపమంతా విమానాల మీద వేయలేం. అదే ఏడాది ఒరెగాన్ అవే దూరాలు తిరిగి 13–0తో బిగ్ టెన్ గెలిచింది.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురి మాటలూ కలిపి చూస్తే, కొత్త కాన్ఫరెన్స్ పతనానికి కారణం కాదు గానీ కోలుకునే దారిని ఇరుకు చేస్తుందని అర్థమవుతోంది. అలాంటప్పుడు ఇండియానాను ఎలా అర్థం చేసుకోవాలి? దశాబ్దాలుగా ఓటములకే పేరుపడిన జట్టు, అదే బిగ్ టెన్‌లో, 2025 సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ చాంపియన్ అయింది కదా. అలాగే చరిత్ర ఉండీ వెనకబడిన చోటే ఉండిపోయిన జట్ల సంగతేమిటి?

జవాబు 4

ఇండియానాది విస్తరణ కథ కంటే బదిలీల కథ. ఆటగాడు కళాశాల మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధనను 2021లో సడలించారు. ఇండియానా కోచ్ కర్ట్ సిగ్నెటి తన పాత జట్టు నుంచి కొందరిని వెంటబెట్టుకుని వచ్చి, మిగతావారిని ఏరుకుని రెండేళ్లలో నిలబెట్టాడు. ఇదివరకు నెబ్రాస్కా లాంటి జట్లకున్న పెద్ద ఆస్తి, నాలుగేళ్లు ఓపికగా తమ వంతు కోసం ఎదురుచూసే కుర్రాళ్లు. ఆ ఓపికకు ఇప్పుడు గిరాకీ లేదు. ఓక్లహామా ఎస్‌ఈసీలో తొలి ఏడాది 6–7తో ముగించి, మరుసటి ఏడాదే జాతీయ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు చేరింది. పతనమైనా పుంజుకోవడమైనా ఇప్పుడంత వేగంగా జరుగుతున్నాయి కాబట్టి, నెబ్రాస్కా లాంటి ఇరవై ఏళ్ల జారుడు మళ్లీ కనిపిస్తుందని నేననుకోను.

వెనకబడినవారిలో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లకు జరిగింది అన్యాయమే. 2023 ఆగస్టులో కొన్ని రోజుల వ్యవధిలో వాటి కాన్ఫరెన్స్ పాక్-12 కూలిపోయినప్పుడు, ఆ రెండింటినీ పెద్ద కాన్ఫరెన్స్‌లేవీ పిలవలేదు. మైదానంలో అవి చేసిన తప్పు ఏదీ లేదు. వాటి ఊళ్లలో టీవీలు తక్కువ, అంతే. టెక్సస్ రాష్ట్రంలోని ఎస్‌ఎంయూ విశ్వవిద్యాలయం మాత్రం తొమ్మిదేళ్లు ప్రసార వాటా తీసుకోకుండా ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరడానికి ఒప్పుకుని, తొలి ఏడాదే ప్లేఆఫ్ ఆడింది. ధనికులైన పూర్వ విద్యార్థులు వెనకుంటేనే వేయగల పాచిక అది.

ఏసీసీలోని ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ అక్కడే ఉంటాయా అన్నది ఇంకా తేలలేదు. ఏసీసీపై వేసిన దావాలను అవి 2025 మార్చిలో రాజీ చేసుకున్నాయి: ఇకపై ప్రసార రాబడిలో పెద్ద భాగాన్ని టీవీలో ఎంతమంది చూశారన్నదాన్ని బట్టి పంచుతారు, కాన్ఫరెన్స్‌ను వదిలి వెళ్లే రుసుము క్రమంగా తగ్గి 2030 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది. బిగ్ టెన్ ఒప్పందం గడువు కూడా దాదాపు అప్పుడే ముగుస్తుంది కాబట్టి, తర్వాతి వలసలు ఆ ఏడాది చుట్టూనే ఉంటాయని నా అంచనా.