స్కాలర్‌షిప్ బిడ్డకా, బడి గేటు దగ్గర కూర్చున్న అమ్మకా?

ఒంగోలు నాన్న:
మా పాప మూడో తరగతి. కంటి వెనక పొర, రెటీనా, పుట్టుకతోనే బలహీనం, వైకల్యం ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లో 70 శాతం అని రాశారు. బోర్డు కనిపించదు, పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతుంది, పొద్దు గుంకితే గోడ పట్టుకుని నడుస్తుంది. దివ్యాంగ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోసం వెళ్తే తొమ్మిదో తరగతికొచ్చాక రండి అన్నారు. రూలే అదట, తొమ్మిది, పది తరగతులకే. ఇంటి నుంచి బడికెళ్తే నెలకు 500, హాస్టల్లో ఉంటే 800. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు.

మా ఆవిడ మిషన్ కుట్టేది. జాకెట్ల మీద నెలకు ఏడెనిమిది వేలు కళ్ళచూసేది. ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి పాపతో బడికెళ్ళి, గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుని, సాయంత్రం నాలుగింటికి తిరిగొస్తుంది. మెట్ల దగ్గర చెయ్యందించాలి, బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. పాఠాలు ఏ-3 కాగితం మీద పెద్దవి చేసి జిరాక్స్ తీయించేది ఇంకో ఖర్చు. స్కాలర్‌షిప్ అనగానే ఫీజులు, పుస్తకాలే లెక్కలోకి తీసుకుంటారు. సర్కారు బడిలో ఫీజెక్కడిది? మా ఇంట్లో పోయింది అమ్మ సంపాదన. అది లెక్కలోకి రావాలా, వద్దా?

కర్నూలు కుర్రాడు:
ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 6,000 చేశారు కదండీ. తెలంగాణలో 4,016 ఇస్తున్నారు. పింఛనూ కావాలి, స్కాలర్‌షిప్పూ కావాలి, అమ్మకి జీతమూ కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? అయినా మేనరికాలు మానరు గానీ...

ఒంగోలు నాన్న:
పింఛను వస్తోంది తమ్ముడూ, దాచను. బియ్యం, అద్దె దాంతోనే. అది బతకడానికి ఇచ్చేది, చదువుకి ఇచ్చేది కాదు. మేనరికం సంగతంటావా, డాక్టరు మొట్టమొదట అడిగిందీ అదే. చేసుకున్నది ఇద్దరం. మాటలు పడేది మాత్రం మా ఆవిడ ఒక్కతే.

చుక్కల రాత:
నాకు అసలు చూపు లేదు. బ్యాంకు ఉద్యోగిని. ఫోన్ చదివి వినిపిస్తుంటే రాస్తున్నా, అచ్చుతప్పులుంటే టాక్‌బ్యాక్‌ని తిట్టుకోండి. అన్నా, ఏమీ అనుకోకండి, మీ మాటకి నేను అడ్డమే.

నా పేరు మీద వచ్చిన డబ్బు ఒక ఏడాది మా నాన్న చేతిలో బోరు మోటారు రిపేరుకి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, పొలం ఎండిపోతోంది మరి. ఇంటికిచ్చిన డబ్బు ఇంటి అవసరాలకే పోతుంది.

నన్ను నిలబెట్టింది హాస్టల్లో ఒక సారు. బ్రెయిలీ పలక, చుక్కలు పొడిచే స్టైలస్ చేతిలో పెట్టి కుడి నుంచి ఎడమకి పొడవమన్నారు. కాగితం తిరగేస్తే ఆ చుక్కలే ఎడమ నుంచి కుడికి వేళ్ళకి తగులుతాయి. మొదటిసారి నా పేరు నా వేలికే తగిలిన రోజు గుర్తుంది. మందపు కాగితం దొరక్క పాత క్యాలెండర్ షీట్ల మీద రాసేవాళ్ళం, ఆగస్టు వెనక లెక్కలు, సెప్టెంబరు వెనక సోషల్. తెల్లకర్రతో రోడ్డు దాటడం నేర్పిందీ ఆయనే. డబ్బు పెడితే అలాంటి సార్ల మీద పెట్టాలి. వదినకి నెలనెలా ఇస్తే పది పాసయ్యేదాకా ఆ వేపచెట్టు కిందే ఉంటుంది. పాప ఆవిడ చెయ్యి వదలదు.

గుంటూరు గృహిణి:
చెప్పడం తేలికేనండీ. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల చేతికి కర్ర ఇచ్చి లారీలు తిరిగే రోడ్డు మీదకి పంపుతారా?

చుక్కల రాత:
రోడ్డు మీదకి ఎవరన్నారమ్మా, ముందు బడి వరండాలో. ఇప్పుడు ఇవ్వనివాళ్ళు పద్దెనిమిదేళ్ళకీ ఇవ్వరు, ఇద్దామంటే "పెళ్ళి కావాల్సిన పిల్ల, నలుగురూ చూస్తారు" అంటారు.

భవిత టీచర్:
దివ్యాంగ పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రంలో పనిచేస్తాను, నాకు రోజూ ఎదురయ్యే గొడవే ఇది. చుక్కల రాత గారూ, మీ సారు హాస్టల్లో ఉన్నారు కాబట్టి పొద్దస్తమానం మీతో ఉన్నారు. నేను మండలమంతా తిరగాలి. వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు, అందరూ నాకే. ఒక పిల్లకి కర్ర నడక నేర్పాలంటే వారాల తరబడి పక్కన నడవాలి. నేర్పే మనిషిని ఇవ్వకుండా గేటు దగ్గర తల్లిని లేచిపొమ్మంటే, మర్నాటి నుంచి పిల్ల బడికి రాదు. అలా ఆగిపోయిన పిల్లలు నా రిజిస్టర్లో ఉన్నారు.

ఒంగోలు నాన్న గారూ, సర్కారు బడుల సమగ్ర శిక్ష పథకం కింద పిల్లని బడికి తోడు తీసుకెళ్ళేవాళ్ళకి ఎస్కార్ట్ అలవెన్సు, చదివి వినిపించేవాళ్ళకి రీడర్ అలవెన్సు ఉంటాయి. ఆడపిల్లలకి నెలకు 200 చొప్పున 10 నెలలు స్టైపెండ్ కూడా ఉంది. వీటికి తొమ్మిదో తరగతి దాకా ఆగక్కర్లేదు. చిన్న మొత్తాలే, అయినా అడగండి. ముందు హెడ్మాస్టర్ దగ్గరికెళ్ళి, బడిపిల్లల వివరాలుండే సర్కారు రికార్డు యూడైస్‌లో పాప వైకల్యం ఎక్కిందో లేదో చూడండి. చూపు కొంచెం ఉన్న పిల్లల్ని మామూలు పిల్లల్లో రాసేస్తుంటారు.

నాకు మింగుడుపడని రూలు ఇంకొకటుంది. ప్రీ మెట్రిక్ ఒక తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి మించి ఇవ్వరు, రెండో కాన్పు కవలలైతే తప్ప. పుట్టుకతో వచ్చే కంటి జబ్బులు ఇద్దరితో ఆగుతాయా? మా మండలంలో ఒక ఇంట్లో ముగ్గురు ఉన్నారు.

ఒంటికన్ను:
నాకు ఒక కన్ను పూర్తిగా లేదు, రెండోది బాగుంది. 30 శాతమే రాశారు. 40 లేకపోతే దేనికీ లెక్కలోకి రాం. మీరు 500 గురించి కొట్టుకుంటున్నారు, కానివ్వండి.

డాలస్ బాబాయ్:
ఇక్కడ మా పక్కింటి తెలుగువాళ్ళ బాబుకి చూపు తక్కువ. బడి వాళ్ళే పెద్దక్షరాల పుస్తకాలిచ్చి, కర్రతో నడవడం నేర్పే టీచర్ని బడికే పంపుతారు. చదువు వరకు తల్లిదండ్రుల చేతికి పైసా ఇవ్వరు. 1975లో వచ్చిన చట్టం అది.

కర్నూలు కుర్రాడు:
అమెరికా కబుర్లు వద్దు బాబాయ్. మాకు అంతమంది టీచర్లుంటే ఈ గొడవెందుకు? ఒంగోలన్నా, మేనరికం మాట అనకుండా ఉండాల్సింది. సారీ.

ఒంగోలు నాన్న:
పర్లేదు తమ్ముడూ. ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. చుక్కల రాత గారి మాటకి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వారంలో రెండు రోజులు ఎవరైనా వచ్చి నడక నేర్పితే ఆ రెండు రోజులూ మిషన్ ఎక్కుతా, అప్పటిదాకా లేవను" అంది. నా వాదన మార్చుకోలేదు. మనిషిని పంపేదాకా తల్లికి ఇవ్వాల్సిందే. సోమవారం హెడ్మాస్టర్‌ని కలుస్తా. చుక్కల రాత గారూ, కర్ర కొనాలంటే ఎంత పొడుగుది?

చుక్కల రాత:
నిలబడితే నేల నుంచి రొమ్ము ఎముక దాకా రావాలన్నా. పెరిగే పిల్ల, పొట్టిదైపోగానే మార్చాలి. పాతది పారేయకండి, భవిత టీచరమ్మకివ్వండి.