సీసాలో ఉన్నది మల్లె వాసనేనా?

చంద్రకాంతపూలు: మొన్న బజారులో ‘అచ్చమైన మల్లె అత్తరు’ అని రాసిన చిన్న సీసా నూటయాభైకి కొన్నాను. అమ్మ వాసన చూసి, “అరటిపండులా ఉంది, ఇది మల్లె ఏంట్రా?” అంది. అణువు ఒకటే అయితే పువ్వులో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా తేడా ఉండదని తమ్ముడి వాదన. ఎవరు రైటు?

గాజుకుప్పె: అమ్మగారి ముక్కు గట్టిదండీ. ఆ అరటిపండు వాసన బెంజైల్ అసిటేట్ అనే అణువుది. మల్లెలోనూ ఉంటుంది, చవకగా తయారూ చేయొచ్చు. తమ్ముడు చెప్పిందీ అబద్ధం కాదు, బెంజైల్ అసిటేట్ ఎక్కడ పుట్టినా అదే. కానీ మల్లె అంటే అదొక్కటే కాదు కదా. లినలూల్, ఇండోల్, మిథైల్ ఆంత్రనిలేట్, ఇంకా బోలెడు వాసన అణువులు కలిస్తేనే మల్లె. మిథైల్ ఆంత్రనిలేట్ అంటే ద్రాక్ష చాక్లెట్ వాసన.

ఉప్పుగాలి: ఇండోల్ అంటే మరుగుదొడ్డి కంపు కదా! మల్లెలో అదెందుకు?

గాజుకుప్పె: మోతాదును బట్టి ఉంటుంది. చిక్కగా ఉంటే కంపే, కలరా ఉండల ఘాటూ తగులుతుంది. రవ్వంత ఉంటే పూలకు ఆ మత్తు వస్తుంది. అది తీసేస్తే మిగిలేది సబ్బు వాసన.

ఎడమకుడి: “అణువు ఒకటే” దగ్గర ఒక మెలిక ఉంది. లినలూల్ రెండు చేతుల్లా ఎడమ, కుడి రూపాల్లో ఉంటుంది. రెంటి వాసనా కాస్త వేరు. ఫ్యాక్టరీ సరుకులో మామూలుగా రెండూ సగం సగం ఉంటాయి. పువ్వు అలా సమానంగా కలపదు.

పూలబుట్ట: మాది మైలవరం వైపు, ఇంట్లో మల్లెతోట ఉంది. పొద్దున కోసిన మొగ్గకు వాసన అంతంతమాత్రమే. బుట్టలో ఉండి ఉండి, సాయంత్రం విచ్చుకునేటప్పుడు ఇల్లంతా గుప్పుమంటుంది. కోశాక కూడా పువ్వు వాసన వదులుతూనే ఉంటుందన్నమాట. మరి సీసాలో పట్టింది ఏ గంట వాసన? తెల్లారి దిండు మీద నలిగిన దండ వాసన వేరు కదా!

గాజుకుప్పె: ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊరివాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఈ సంగతే. గాజు పలకల మీద కొవ్వు పూసి, దాని మీద పూలు పరిచి, వాడినవి తీసి కొత్తవి వేసేవాళ్లు. పువ్వు వదిలినదంతా కొవ్వు పీల్చుకునేది. ఇప్పుడు హెక్సేన్ అనే ద్రావకంతో వాసనను లాగుతున్నారు. మల్లెను ఆవిరి పట్టి తీయడం కుదరదు, ఆ వేడికి వాసన పాడైపోతుంది.

ఎడమకుడి: కుదరదని కొట్టిపారేయకండి. ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో మల్లెపూలను డేగ్ అనే రాగి బానలో నీళ్లతో మరిగించి, ఆవిరిని గంధం నూనెలోకి దింపి మోతియా అత్తరు తీస్తారు. ఇంకోటి, గ్రాస్ వాళ్ల జాస్మిన్ మన జాజి, మల్లె కాదు.

గాజుకుప్పె: ఒప్పుకుంటున్నా, తొందరపడ్డాను. అయితే అందులో గంధం వంతు ఎక్కువ, పువ్వు ఒక్కటే అనలేం.

పూలబుట్ట: అసలైన గంధం నూనె ధర తెలిసినవాళ్లెవరూ నూటయాభైకి మోతియా ఇవ్వరు లెండి.

చంద్రకాంతపూలు: అర్థమైంది. తమ్ముడికి చూపిస్తే “నేనన్నది తప్పు కాదు” అని ఇంకా అదే పట్టు. సీసాను అమ్మ బట్టల బీరువాలో పడేసింది. సాయంత్రం రెండు మూరల దండ తెచ్చాను.