2012 స్కార్పియోకి టైర్లు మార్చాలి, హెచ్‌టీనా ఏటీనా?

మాచర్ల_మహి:
అందరికీ నమస్తే. మాది 2012 స్కార్పియో వీఎల్ఎక్స్, టూ వీల్ డ్రైవ్, నాన్న కొన్న బండి, లక్షా 74 వేలు తిరిగింది. ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంది, టైర్లే గుండు అయిపోయాయి. మొన్న వానలో సాగర్ నుంచి వస్తుంటే గేదె అడ్డొచ్చింది, బ్రేక్ తొక్కితే బండి ఆగకుండా రెండు బారలు జారుకుంటూ పోయింది, గేదె తప్పుకుంది కాబట్టి సరిపోయింది, పక్కన కూర్చున్న అమ్మ ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. సైజు 235/70 ఆర్16. హెచ్‌టీ అంటే తారు రోడ్డు టైర్లు, ఏటీ అంటే రోడ్డుకీ మట్టి బాటకీ పనికొచ్చే మొరటు టైర్లు కదా. షాపులో అడిగితే ఏటీ వేయించు తమ్ముడూ, 245/75 ఎక్కిస్తే బండి లుక్కే మారిపోద్ది అంటున్నాడు. మేం తిరిగేది నెలకి రెండు సార్లు హైదరాబాద్ లేదా గుంటూరు, రోజూ పొలానికి ఐదు కిలోమీటర్లు, అందులో మూడు డొంక దారి, కొంత నల్లరేగడి, కొంత నాపరాయి ముక్కలు పోసిన బాట. ఏడాదికోసారి దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం. సీజన్లో వెనక సీట్లు మడిచి నాలుగైదు మిర్చి టిక్కీలు (బస్తాలు) కూడా వేస్తాం, తిట్టకండి. 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి, ఆర్సీ రెన్యువల్ చేయించి ఉంచుతామో అమ్మేస్తామో ఇంకా తెలీదు. బడ్జెట్ 40 వేలు. ఏం వేయించమంటారు?

ఆటోనగర్_బాబాయ్:
ఎమ్మారెఫ్ వాండరర్ వేయించు, ఇంకేం ఆలోచించకు. మా ఇంట్లో మూడు బండ్లకీ ఎమ్మారెఫ్ఫే.

నల్లగొండ_డీజిల్:
బ్రదర్, బ్రాండ్ సంగతి తర్వాత. ముందు పాత టైర్లు ఎట్ల అరిగినయో చూస్కో. అందరు ఈడనే తప్పు చేస్తరు, అరిగినయి తీసేసి కొత్తయి ఏపిస్తరు, ఆ కొత్తయి గూడ ఏడాదిన్నరకు అట్లనే అరుగుతయి, ఇగ కంపెనీని తిట్టుకుంట కూసుంటరు. టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి రుద్దు. ఒక దిక్కు రుద్దితే నున్నగ, ఇంకో దిక్కు రుద్దితే రంపం పండ్ల లెక్క తగిలిందనుకో టో, అంటే చక్రాలు ముందుకు చూసే కోణం తప్పింది, అది అలైన్‌మెంట్ పని. లోపలి అంచు ఒక్కటే తినేసి ఉంటే ఒట్టి అలైన్‌మెంట్‌తోని కాదు, చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపియ్యి, లక్షా 74 వేలంటే అవి లూజ్ కాకుంట ఉండుడు కష్టం. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులు అరిగితే గాలి తక్కువ. గుంటలు గుంటలుగ అరిగితే షాకబ్జర్లు పోయినట్టే.

ఇంకోటి, సైడ్‌వాల్ మీద డీఓటీ అని రాసి ఉంటది, ఆ వరుస చివర్ల కోడిగుడ్డు లెక్క గీత గీసి దాంట్ల నాలుగు అంకెలు ఉంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైందని. ఆ అంకెలు నాలుగు టైర్లకు, స్టెప్నీకి చూసి ఈడ పెట్టు, అప్పుడు మాట్లాడుదం. పదేళ్ళు దాటినయైతే బటన్లు (టైరు మీది రబ్బరు దిమ్మెలు) ఎంత ఉన్నా తీసెయ్యాలె, టైరు కంపెనీలే ఆ మాట చెప్తయి.

బెజవాడ_ఆఫ్‌రోడ్:
245/75 మాట ఎత్తాడు కాబట్టి చెప్తున్నా, అది నేను వేయించుకుని బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. లెక్క చూడండి. 235/70 ఆర్16 టైరు ఎత్తు 735 మిల్లీమీటర్లు, 245/75 అయితే 774. అంటే దాదాపు 5 శాతం పెద్ద చక్రం. స్పీడోమీటర్లో 95 కనపడుతుంటే నిజానికి నువ్వు 100లో ఉంటావ్, కెమెరా చలానా ఇంటికొచ్చాక తెలుస్తుంది. కిలోమీటర్లు కూడా తక్కువ పడతాయి కాబట్టి మైలేజ్ పడిపోయినట్టు కనపడుద్ది, నిజంగా కూడా కొంత పడుద్ది, చక్రం బరువు పెరిగింది కదా. ఫుల్ స్టీరింగ్ తిప్పితే లోపల మడ్‌గార్డ్ ప్లాస్టిక్‌కి రాసుకుని పరపరమని శబ్దం. ఇంతా చేస్తే కింద పెరిగిన ఎత్తు 2 సెంటీమీటర్లు కూడా లేదు, ఎందుకంటే పెరిగిన దాంట్లో సగమే కదా కిందకొచ్చేది. ఫోటోల్లో బాగుంది, కాదనను. ఆర్నెల్లకి ఆ టైర్లు అమ్మేశా.

ఖమ్మం_అక్క:
తమ్ముడూ, నల్లరేగడి అన్నావు చూడు, అక్కడ నా మాట విను. మాది బొలెరో, రెండేళ్ళ కిందట ముచ్చటపడి ఏటీ టైర్లు వేయించాం, మిర్చి తోట దాకా బండి పోతుందని. తొలకరి వాన పడ్డ రోజు పోయాం. ఇరవై గజాలు కూడా పోలేదు, ఆ బటన్ల సందుల్లో మట్టి అట్టలా పట్టేసి టైరు ఎక్కడుందో తెలీలేదు, నాలుగు చక్రాలూ నాలుగు మట్టిముద్దలు, స్టీరింగ్ ఇటు తిప్పితే బండి అటు పోతుంది. చివరికి పక్క చేనాయన ట్రాక్టర్‌తో లాగితే బయటపడ్డాం, డ్రైవర్ సీట్లో కూర్చున్న మా ఆయన్ని చూసి ఊరంతా నవ్వారు. రేగడి తడిస్తే హెచ్‌టీ అయినా ఏటీ అయినా ఒకటే, బండి రోడ్డు మీద పెట్టి నడిచిపోవడమే. ఎండిన డొంకకి హెచ్‌టీ చాలు. ఏటీకి తారు రోడ్డు మీద హోరు కూడా ఎక్కువే, హైదరాబాద్ పోయేసరికి చెవులు దిబ్బడేస్తాయి.

కానీ నాపరాయి ముక్కలు అన్నావు, అది మాత్రం కొంచెం ఆలోచించాల్సిందే. వాటి అంచులు బ్లేడులా ఉంటాయి.

బెజవాడ_ఆఫ్‌రోడ్:
అక్క చెప్పింది కరెక్టే కానీ నాపరాయికి ఏటీ బెటర్ అని నా అభిప్రాయం, ట్రెడ్ మందంగా ఉంటుంది, రబ్బరు ముక్కలు అంత తేలిగ్గా ఊడవు. సైడ్‌వాల్ కోసుకుంటే మాత్రం ఏ టైరైనా అంతే సంగతులు, పక్కన పడ్డ కోతకి పంచర్ వేయరు, వేస్తానన్నా వేయించుకోకూడదు. రోజుకి మూడు కిలోమీటర్ల బాట కోసం మిగతా దూరమంతా హోరు భరిస్తావా అనేది నీ ఇష్టం.

మాచర్ల_మహి:
డీజిల్ అన్నా, నువ్వు చెప్పినట్టే చూశా. తడిగుడ్డ, ఫోన్ టార్చ్ పట్టుకుని కూర్చున్నా. రెండు టైర్లకి బయటి వైపు నాలుగంకెలు కనపడలేదు, లోపలి వైపు ఉన్నాయి, దాని కోసం బండి కింద దూరాల్సి వచ్చింది, నాన్న వచ్చి ఏం పోగొట్టుకున్నావురా అన్నారు. వెనక రెండూ 1117. ముందు కుడి 3418, ముందు ఎడమ 3415. ఆ ఎడమదాని లోపలి అంచు చూస్తే ఒళ్ళు జలదరించింది, బయట నుంచి చూస్తే గాడి కనపడుతూనే ఉంది, లోపల మాత్రం బొటనవేలు వెడల్పున రబ్బరు పోయి తీగ మెరుస్తోంది. ఈ టైరుతోనే ఘాట్ ఎక్కి వచ్చామా అనిపించింది. స్టెప్నీ 4611, అంటే బండితో పాటు వచ్చిందే, పద్నాలుగేళ్ళు! దానికి కొత్త టైరుకుండే రబ్బరు నూగు ఇంకా ఉంది, కానీ పక్కంతా సన్నగా పగుళ్ళు, బీటలిచ్చిన చెరువులా. పక్కనే రెంటచింతల కదా, మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు.

నల్లగొండ_డీజిల్:
చూసినవా మరి. ఆ ఎడమదాంతోని ఇగ హైవే ఎక్కకు. ముందు కిందికెల్లి పని చేపియ్యి, తర్వాత టైర్లు, తర్వాత అలైన్‌మెంట్, ఈ వరుస తప్పద్దు. కొత్త టైర్లు ఏపిచ్చి అప్పుడు బుష్‌లు మారిస్తే మళ్ళ అలైన్‌మెంట్ పైసలు దండగ.

నా ఓటు హెచ్‌టీకే, అదే సైజు. సైడ్‌వాల్ మీద సైజు పక్కన 105ఎస్ గిట్ల రాసి ఉంటది, 105 అంటే ఒక్క టైరు 925 కిలోలు మోస్తదని, ఎస్ అంటే 180 స్పీడ్ దాకా. టిక్కీలు ఏస్తున్న అంటున్నవ్ కదా, పాత దానికన్న ఆ నంబర్ తక్కువున్నది మాత్రం తీస్కోకు. బ్రాండంటవా, ఎమ్మారెఫ్ ప్లాంట్ మా దిక్కు సదాశివపేటల ఉంది, అపోలోది మీ దిక్కు చినపాండూరుల ఉంది, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్ ఏదైనా సరే. నీకు మంచి రేటుకు, కొత్త తారీఖుతోని ఏది దొరికితే అది. ఒకే బ్రాండ్ పాత సరుకుకన్న ఇంకో బ్రాండ్ తాజా సరుకు మేలు.

తారీఖు మాత్రం రిమ్ముకు ఎక్కియ్యక ముందే చూడు. నాకొకసారి అయ్యింది, చాయ్ తాగొచ్చేలోపల నాలుగు బిగించేసిండ్రు, ఇంటికొచ్చి చూస్తే రెండు మూడేండ్ల కిందటియి, పోయి అడిగితే ఎక్కించినయి వాపస్ తీస్కోము అన్నడు. బిల్లు గూడ అడుగు, 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 అయింది, పాత రేటు చెప్తే ఊకోకు.

గోదారి_కుర్రోడు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ అండి, నాది సఫారీ, ప్రస్తుతం రెండు టైర్లకే డబ్బులున్నాయి. ముందు వేయించాలా వెనకా? స్టీరింగ్ ముందు కదా అని ముందే అనుకుంటున్నాను.

బెజవాడ_ఆఫ్‌రోడ్:
వెనక వేయించండి గురూ. వాన నీళ్ళలో ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే దారికొస్తుంది. వెనకవి జారితే తోక తిరుగుద్ది, అప్పుడు మనలాంటి వాళ్ళ వల్ల కాదు. టైరు గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, 1.6 మిల్లీమీటర్లు, ముందువి వాటిదాకా అరిగి ఉంటే మాత్రం రెండు సరిపోవు, అప్పోసప్పో చేసి నాలుగూ మార్చండి.

మాచర్ల_మహి:
అప్‌డేట్. గుంటూరులో పని అయింది. ఎడమవైపు లోయర్ బాల్ జాయింట్ చేత్తో ఊపితేనే టకటకమంది, మెకానిక్ నన్ను కూడా పట్టుకుని ఊపమన్నాడు. రెండు వైపులా జాయింట్లు, బుష్‌లు మార్పించా, బడ్జెట్ అక్కడే దాటింది. టైర్లు హెచ్‌టీ, 235/70, నాలుగూ రెండు నెలల కిందటి తారీఖువి, ఎక్కించేదాకా చాయ్ కూడా తాగకుండా నిలబడ్డా. నైట్రోజన్ కొట్టమంటారా అన్నాడు, మామూలు గాల్లోనే 78 శాతం అదే ఉంది కదన్నా అంటే నవ్వి మామూలుదే కొట్టాడు. 3418ని స్టెప్నీ చేశా, పంచర్ షాపు దాకా పోవడానికే. ఐదోది వచ్చే మిర్చి డబ్బులకి. నాపరాయి బాటలో ఫస్ట్ గేర్లో పోతున్నా, అక్క మాట గుర్తొస్తోంది. నాన్న స్టీరింగ్ పట్టుకుని ఇంత తేలిగ్గా తిరుగుతోందేంటిరా, ఏదన్నా ఊడిందేమో చూడు అన్నారు.

ఖమ్మం_అక్క:
సంతోషం తమ్ముడూ. మొదటి రెండొందల కిలోమీటర్లు మెల్లగా పో, కొత్త రబ్బరు మీద జారుడు ఉంటుంది. గాలి పొద్దున్నే బండి కదపకముందు చూపించు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్లో ఎంతని ఉందో అంత. టిక్కీలు వేసిన రోజు లోడ్‌కి ఎంత రాసుందో చూసి వెనక పెంచు.

నల్లగొండ_డీజిల్:
వంద కిలోమీటర్లు పోయినంక నట్లు ఒకసారి టైట్ చేపియ్యి. ఎనిమిది, పది వేలకు ఒకసారి ముందువి ఎనకకు, ఎనకవి ముందుకు మార్పించు.

ఆటోనగర్_బాబాయ్:
ఇంతకీ వాండరర్ వేయించావా లేదా, అది చెప్పు.