చిగుళ్లకు మైక్రోసర్జరీనా, మామూలు ఫ్లాపా?

బ్రాడీపేట కుర్రాడు:
మా నాన్నగారికి షుగర్ ఉంది. కింద దవడ పళ్ల దగ్గర చిగుళ్లు వదులైపోయాయి, బ్రష్ చేస్తే రక్తం. ఇక్కడ గుంటూరులోనే ఒక క్లినిక్‌లో సన్నటి పుల్ల లాంటిది పెట్టి కొలిచి, పాకెట్లు, అంటే పంటికీ చిగురుకీ మధ్య సందులు, 6, 7 మిల్లీమీటర్ల లోతు ఉన్నాయి, వెంటనే ఫ్లాప్ సర్జరీ చేయాలన్నారు. మైక్రోస్కోప్‌తో అయితే రెట్టింపు ఖర్చట. నిజంగా అంత తేడా ఉంటుందా? ఆయనేమో కోత అనగానే ఊరెళ్లిపోతానంటున్నారు.

పెరియో డాక్టర్, బెజవాడ:
లోపల చేసే పని రెండింట్లోనూ ఒకటేనండి, చిగురు తెరిచి వేరు మీద గార గీకి కుట్టేయడం. మైక్రోలో లూప్స్ (పెద్దగా చూపే కళ్లద్దాలు) గానీ మైక్రోస్కోప్ గానీ పెట్టుకుని చిన్న బ్లేడుతో కోస్తాం, మామూలుగా 4-0 దారం వాడే చోట 6-0, 7-0 వాడతాం, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. అంచులు సరిగ్గా కలుస్తాయి కాబట్టి నొప్పి, వాపు తక్కువ, త్వరగా మానుతుంది. కానీ దాని అసలు సత్తా కనబడేది చిగురు జారి వేరు బయటపడిన ముందు పళ్ల దగ్గర. 2005లో బుర్ఖార్ట్, లాంగ్ అనే పరిశోధకులు 10 మందికి ఒక పక్క మైక్రో, ఇంకో పక్క మామూలు పద్ధతిలో చేసి చూస్తే, ఏడాది తర్వాత వేరు కప్పుకున్నది 98 శాతం, 90 శాతం. అవి పై కోరపళ్లు. ఆ లెక్క తెచ్చి దవడ పళ్ల పాకెట్లకు అంటగడితే ఎలా? ఎక్స్‌రేలో ఎముక నిలువుగా గుంటలా తగ్గి, అందులో బోన్ గ్రాఫ్ట్ (ఎముక పెరగడానికి నింపే పదార్థం) పెడతామంటే మాత్రం మైక్రోకి విలువుంది, పైన చిగురు విడిపోకుండా మూసుకోవాలి కదా.

అయినా డీప్ క్లీనింగ్ చేయకుండా ముందే సర్జరీ ఏంటి? మత్తిచ్చి రూట్ ప్లేనింగ్, అంటే కోత లేకుండా చిగురు కింద వేరుని గీకి నున్నగా చేయడం, చేసి, 6 నుంచి 8 వారాలాగి మళ్లీ కొలవాలి. చాలా పాకెట్లు దానికే తగ్గుతాయి.

వన్‌టౌన్ లక్ష్మి:
నాకు మామూలు ఫ్లాపే చేశారు. కుట్ల మీద గులాబీ రంగు ముద్ద అంటించారు, అది ఉన్నన్నాళ్లూ మెత్తటి పెరుగన్నమే, ఆవకాయ జాడీ వైపు చూడనివ్వలేదు మా ఆయన. నొప్పి మాత్రలకు లొంగింది. అయితే వాపు తగ్గాక పళ్లు పొడుగ్గా కనబడతాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, ఈ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది.

బ్రాడీపేట కుర్రాడు:
క్లీనింగ్ మాటే ఎత్తలేదండి వాళ్లు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 9 దాటింది, అదీ అడగలేదు. చుట్ట మానేశానంటారు గానీ జేబులో అగ్గిపెట్టె ఉంటుంది.

పెరియో డాక్టర్, బెజవాడ:
అయితే ఇప్పుడే కోత వద్దు. ఆ షుగర్‌తో, చుట్టతో ఏ దారంతో కుట్టినా సరిగా మానదు. ముందు షుగర్ డాక్టర్‌కి చూపించండి, ఈలోపు క్లీనింగ్ చేయించండి. ఖర్చు ఇబ్బందైతే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చేస్తారు. మళ్లీ కొలిపించాక ఆ నంబర్లు, ఎక్స్‌రే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.