స్కూటీ మీద వేసుకునే పోంచో: టోపీ కుట్టులోంచి నీళ్లు దిగకుండా ఎలా?

అందరికీ నమస్తే. మాది కావలి. ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా నెల్లూరు జిల్లాకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈలోపు స్కూటీ మీద కాలేజీకి వెళ్లే మా అమ్మాయికి పోంచో, అంటే తల మీంచి వేసుకునే చేతుల్లేని వాన కోటు, కుట్టాలి. బజారులో దొరికేవి గోనెసంచుల్లా ఉన్నాయని ముట్టుకోదు మహాతల్లి.

పీయూ కోటింగ్ (నీళ్లు దిగకుండా వేసే పాలీయురేథేన్ పూత) ఉన్న నైలాన్ గుడ్డ తెచ్చాను, ముదురు ఆకుపచ్చ. నాలుగు మడతలేసి, మధ్యలో మెడ తీసి, అంచు గుండ్రంగా కత్తిరిస్తే భుజాల మీద కుట్టే ఉండదు. చిక్కల్లా టోపీతోనే. నేననుకున్న టోపీకి నడినెత్తిన కుట్టు వస్తుంది, సూది దిగిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. గుడ్డ అంచులు లోపల దాగేలా రెండుసార్లు వేసే ఫ్రెంచ్ సీమ్ సరిపోతుందా, లోపల కుట్టుని మూసే సీమ్ టేపు కూడా ఇస్త్రీతో అంటించాలా? వేడికి కోటింగ్ పాడవుతుందేమోనని టెన్షన్. గుడ్డ మిషన్ పాదానికి అతుక్కుని జరగడం లేదు కూడా, గుడ్డ అతుక్కోకుండా జారే టెఫ్లాన్ పాదం కొనాల్సిందేనా?

ఇంకోటి. గాలికి లేచి వెనక చక్రంలో పడకుండా పక్కలకి టిచ్ బటన్లు పెడదామనుకుంటున్నా. ముందు వైపు హెడ్‌లైట్‌కి అడ్డం రాకూడదు. పొడుగు ఎంతవరకు ఉంచమంటారు? టోపీ హెల్మెట్ పైన పట్టేంత వదులుగా కుట్టాలా? కుట్టి వాడినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.