రఫేల్‌కి ఇంజనే లోటా? ఎం88, ఈజే200 మీద వాదన

తోకమంట:
"రఫేల్ గొప్పదే గానీ ఇంజనే పీల" అన్న మాట తరచూ వినపడుతుంది, అనగానే సగం మంది మీద పడతారు. ఆవేశం పక్కనపెట్టి అంకెలు చూద్దాం. రఫేల్ ఇంజన్ ఎం88-2 ఆఫ్టర్‌బర్నర్ (తోకలో అదనంగా ఇంధనం చల్లి మండించే ఏర్పాటు) లేకుండా 50 కిలోన్యూటన్ల థ్రస్ట్ (నెట్టే బలం) ఇస్తుంది, వేస్తే 75. యూరప్ దేశాల టైఫూన్‌లోని ఈజే200 అయితే 60, 90. రెండు విమానాలకీ జంట ఇంజన్లే. రఫేల్ ఖాళీ బరువు సుమారు 10 టన్నులు, లోపలి ట్యాంకుల్లో 4.7 టన్నుల ఇంధనం. టైఫూన్ 11 టన్నులు, ఇంధనం 5. ఆయుధాలు లేకుండా, ట్యాంకులు నింపి భాగిస్తే థ్రస్ట్-బరువు నిష్పత్తి రఫేల్‌కి 1.04, టైఫూన్‌కి 1.15. పైకి ఎక్కేటప్పుడు, ధ్వని వేగం దాటేటప్పుడు ఈ తేడా తెలిసి తీరుతుంది. నా ఓటు టైఫూన్‌కే.

కనార్డ్:
తోకమంట గారూ, భాగహారం సరే, ఆ 1.15 ఎంతసేపు నిలుస్తుందో కూడా చెప్పండి. ఆఫ్టర్‌బర్నర్‌లో రెండు ఇంజన్లూ దాదాపు ఒకేలా తాగుతాయి: కిలోన్యూటన్‌కి సెకనుకి సుమారు 48 గ్రాములు. టైఫూన్ 180 కిలోన్యూటన్లు లాగితే సెకనుకి 8.6 కిలోలు. నేలమట్టం లెక్కన 5 టన్నులూ తొమ్మిదిన్నర నిమిషాల్లో ఖాళీ. రఫేల్‌కి 11 నిమిషాల దాకా వస్తుంది. పైన గాలి పలచన కాబట్టి రెండూ ఇంకాసేపు లాగుతాయి, పోలిక మాత్రం మారదు. ఆఫ్టర్‌బర్నర్ ఆపితే ఖర్చు కిలోన్యూటన్‌కి 22 గ్రాముల చుట్టూ ఉంటుంది. అంటే అది వేసినప్పుడు థ్రస్ట్ ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది, ఇంధనం మూడు రెట్ల పైన పోతుంది.

ఇంకో సంగతి. ఫ్రాన్స్ 1985లో ఉమ్మడి యూరప్ ప్రాజెక్టు (తర్వాత టైఫూన్ అయింది అదే) నుంచి తప్పుకున్నదే తేలికైన, విమానవాహక నౌక మీద దిగగల విమానం కావాలని, తన సొంత ఇంజన్ పెట్టుకోవాలని. ఎం88 చిన్నగా ఉండటం పొరపాటున జరిగింది కాదు.

తోకమంట:
ఒప్పుకుంటా. అయినా మీరు "ఆఫ్టర్‌బర్నర్ ఆపితే" అన్న చోటే టైఫూన్ గెలుస్తోంది. 120 కిలోన్యూటన్లు ఒకవైపు, 100 ఒకవైపు. క్షిపణులు మోస్తూ ఆఫ్టర్‌బర్నర్ లేకుండానే ధ్వని వేగం పైన సాగిపోవడానికి ఆ 20 పనికొస్తాయి. మీటియోర్ లాంటి, గాల్లోంచి గాల్లోకి దూరం కొట్టే క్షిపణిని ఎంత ఎత్తు నుంచి, ఎంత వేగంతో వదిలితే అంత దూరం పోతుంది కదా.

దూరదృష్టి_190:
మీటియోర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మామూలు రాకెట్ మోటార్ క్షిపణి కొన్ని సెకన్లు మండి, మిగతా దారంతా ఊపుమీదే పోతుంది. చివర్లో శత్రువు గిరుక్కున తిరిగితే వెంటపడే శక్తి ఉండదు. మీటియోర్‌లో ముందు బూస్టర్ మండి వేగం అందుకుంటుంది, తర్వాత పక్కనున్న గాలి ద్వారాలు తెరుచుకుని, దూసుకొచ్చే గాలితోనే ఇంధనం మండించే రామ్‌జెట్ అందుకుంటుంది. దాని థ్రస్ట్‌ని తగ్గించొచ్చు, పెంచొచ్చు. దారిలో పొదుపు చేసి చివర్లో ఖర్చుపెడుతుంది. కాబట్టి వదిలే విమానం వేగం కాస్త తక్కువైనా పాత క్షిపణికి జరిగినంత నష్టం దీనికి జరగదు.

అసలు తేడా డేటాలింక్‌లో (విమానానికీ క్షిపణికీ మధ్య రేడియో సంబంధం) ఉంది. స్వీడన్ గ్రిపెన్‌కీ టైఫూన్‌కీ మీటియోర్‌తో రెండువైపుల లింక్ ఉంది, క్షిపణి తన స్థితిని తిరిగి చెప్పగలదు. రఫేల్‌ది ఒకవైపుదే. దీని మీద ఎవరూ కొట్టుకోరేంటి?

కనార్డ్:
నిజమే, అది రఫేల్‌కి లోటే. కానీ రాడార్ చరిత్ర కూడా చూడండి. ఏఈఎస్ఏ రాడార్‌తో (యాంటెనా కదలకుండానే కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పేది) రఫేల్ 2012లోనే డెలివరీ అయింది. టైఫూన్‌కి అలాంటిది కువైట్ విమానాలతో 2021 చివర్లో గానీ రాలేదు. అన్నేళ్లూ టైఫూన్ యాంటెనాని మోటార్లతో తిప్పుకుంటూ గడిపింది. వచ్చాక మాత్రం బాగా వచ్చింది, ఒప్పుకోవాలి: ముక్కు పెద్దది, కిరణంతో పాటు యాంటెనా పళ్లెం కూడా తిరుగుతుంది కాబట్టి పక్కలకి చాలా దూరం చూస్తుంది. క్షిపణి వదిలి పక్కకి మళ్లినా లక్ష్యం మీద చూపు పోదు.

నట్టు_బోల్టు:
అందరూ గాల్లోనే ఉన్నారు, ఒకసారి హ్యాంగర్‌లోకి రండి. ఎం88 మొత్తం 21 మాడ్యూళ్లు. పాడైన ముక్క తీసి కొత్తది పెడితే చాలు, ఇంజన్ మొత్తాన్ని ఫ్యాక్టరీకి మోయక్కర్లేదు. ఈజే200 కూడా మాడ్యులరే, కాకపోతే ముందున్న మూడు దశల ఫ్యాన్ అంతా బ్లిస్క్, అంటే రేకులూ చక్రమూ ఒకే లోహపు ముక్క. రేకుల వేళ్ల దగ్గర అరుగుదల బాధ లేదు, బరువు తగ్గింది. తిప్పలు ఎక్కడంటే, రన్‌వే మీది రాయో బోల్టో లోపలికి పోయి రేకు అంచు నొక్కుకుపోయినప్పుడు. నొక్కు పరిమితి లోపల ఉంటే నునుపుగా అరగదీసి వాడతారు. పరిమితి దాటితే ఒక్క రేకు పీకి మార్చే వీల్లేదు, చక్రం మొత్తం దిగాల్సిందే. అందుకే రన్‌వే ఊడవడం కూడా ఇంజన్ మెయింటెనెన్సే.

ఇక మన దగ్గరి మాట. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ హైదరాబాద్‌లో రఫేల్ ఫ్యూజ్‌లాజ్‌లు (విమాన దేహాలు) తయారుచేయడానికి 2025లో ఒప్పందం అయింది, నెలకి రెండు దాకా. ఎం88కి మరమ్మతు కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే పెడుతోంది ఆ ఇంజన్ చేసే సాఫ్రాన్. మన వాయుసేనకి ఇంజన్‌కి 15 కిలోన్యూటన్ల తేడా కంటే ఇది పెద్ద లాభం.

గ్రిపెన్_అభిమాని:
మావాడి సంగతి ఒక్క ముక్క: గ్రిపెన్-ఈకి ఒకటే ఇంజన్, ఎఫ్414, 98 కిలోన్యూటన్లు. నిండు ట్యాంకుతో నిష్పత్తి 0.88. లెక్కలో ఓడిపోయాడు. కానీ 800 మీటర్ల రోడ్డు ముక్క మీద దిగి, ఒక టెక్నీషియన్, అయిదుగురు కుర్రాళ్లతో పది నిమిషాల్లో క్షిపణులు, ఇంధనం ఎక్కించుకుని లేచిపోతాడు. ఇంజన్ అమెరికాది, అమ్మాలంటే వాళ్ల అనుమతి కావాలి. అదొక్కటే గుచ్చుకునేది.

తోకమంట:
టైఫూన్‌కి ఆ గొడవ ఇంకా ఎక్కువ లెండి. నాలుగు దేశాల ఉమ్మడి సొత్తు. సౌదీకి అమ్మకాన్ని జర్మనీ ఏళ్ల తరబడి ఆపి 2024లో గానీ వదల్లేదు. నా ఓటు విమానానికి, ఆ కాగితాలకి కాదు.

సరే, ఎం88కి 88 కిలోన్యూటన్ల టీ-రెక్స్ అనే కొత్త రూపం వస్తుందంటున్నారు కదా. అది వచ్చాకైనా "పీల" అన్న మాట పోతుందా?

కనార్డ్:
పోతుంది. అదే 48 గ్రాముల లెక్క వేసి చూడండి: 176 కిలోన్యూటన్లకి సెకనుకి 8.4 కిలోలు, అవే 4.7 టన్నుల ట్యాంకులు. 9 నిమిషాల చిల్లర. అప్పుడు నేను టైఫూన్‌ని అన్న మాటలన్నీ రఫేల్‌నీ అనుకోవాలి.