బేస్ గిటార్‌కి మొదటి పెడల్ ఏది? తొక్కగానే కింది స్వరం మాయమవుతోంది

నాలుగు తీగలు:
అందరికీ నమస్కారం. ప్రతి ఆదివారం మా చర్చిలోనూ, పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాతోనూ బేస్ గిటార్ వాయిస్తున్నాను. మామూలు ప్యాసివ్ బేస్, అంటే లోపల బ్యాటరీ లేనిది. సొంత యాంప్ లేదు, కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. కాలితో తొక్కి శబ్దాన్ని మార్చే పెడల్ పెట్టెల గురించి మూడు సందేహాలు. 15,000 రూపాయల్లో మొదట కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులు సర్దేది) కొనాలా, ఓవర్‌డ్రైవ్ (శబ్దానికి గరుకు తెచ్చేది) కొనాలా, డీఐ ప్రీయాంప్ (శబ్దాన్ని మిక్సర్‌కు తగినట్టు చేసి పంపేది) కొనాలా? విడి పెడల్స్ కన్నా అన్నీ ఒకే పెట్టెలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ మేలా? మిత్రుడి గిటార్ ఓవర్‌డ్రైవ్ తెచ్చి పెట్టి చూశాను. తొక్కగానే కింది స్వరం మాయమైపోయింది, పైగా గుంయ్‌మని ఒకటే మోత. పెడల్ పాడైపోయిందా?

మంద్రస్థాయి:
పాడవలేదు. అది గిటార్ కోసం చేసిన పెడల్. ట్యూబ్ స్క్రీమర్ అనే గిటార్ ఓవర్‌డ్రైవ్ తరహా సర్క్యూట్లలో డ్రైవ్ పుట్టే చోట సుమారు 720 హెర్ట్జ్‌కి (సెకనుకు 720 కంపనాలకి) కింద ఉన్నదాన్ని కావాలనే పలచబరుస్తారు. గిటార్‌కి అది మేలే చేస్తుంది, డ్రమ్స్ హోరులో కూడా మధ్య స్థాయి స్పష్టంగా ముందుకు వస్తుంది. మన లావు తీగ 41 హెర్ట్జ్, దాని పక్క తీగ 55. ఇక మనకు మిగిలేది ఏమిటి? బేస్ కోసం చేసిన డ్రైవ్‌లలో శుద్ధ స్వరాన్ని పక్కనుంచి కలిపే నాబ్ ఉంటుంది. బాస్ కంపెనీ ఓడీబీ-3లో దాని పేరు బ్యాలెన్స్, శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్‌లోనూ డార్క్‌గ్లాస్ బీ3కేలోనూ బ్లెండ్. ఆ నాబ్ లేని డ్రైవ్ కొనవద్దు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక నేను మూడు పెడల్స్ కొని, మూడింటినీ సగం ధరకు అమ్ముకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పందిరి బేస్:
22 ఏళ్లుగా వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు, ఎన్ని వేదికలో లెక్క లేదు. నా దగ్గర ఒక్క పెడల్ కూడా లేదు. బేస్ అంటే వేళ్లు. మునివేళ్ల కండతో, బ్రిడ్జికి (తీగలు బిగించిన చివరకు) దగ్గరగా మీటితే ఒక నాదం, మెడకు దగ్గరగా మీటితే ఇంకో నాదం. అది ముందు నేర్చుకో తమ్ముడూ, ఆ తరవాత పెట్టెలు కొనుక్కోవచ్చు. మోత సంగతి తేలిక. యాంప్ ప్లగ్గుకు ఉన్న లావు పిన్ను తీసేయి, లేదా రెండు పిన్నుల ప్లగ్గు పెట్టు. వెంటనే ఆగిపోతుంది.

ఐదో ఫ్రెట్:
నేను ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటాను. జూమ్ బీ1 ఫోర్ అనే మల్టీ ఎఫెక్ట్స్ కొని రెండేళ్లయింది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గదిలో నిద్రపోతున్న అమ్మాయిలకు ఇబ్బంది లేదు. తాళం, లూపర్ (వాయించినదాన్ని మళ్లీ మళ్లీ వినిపించేది), ట్యూనర్ అన్నీ అందులోనే. పెడల్స్ గురించి నాకు తెలిసినదంతా దానితోనే నేర్చుకున్నాను. ఏ ఎఫెక్ట్ నాకు అక్కరలేదో కూడా అదే నేర్పింది. ఫ్లాంజర్ ఒక్కసారైనా వాడలేదు! ఒక లోపం, డీఐ అవుట్‌పుట్ లేదు. వేదిక మీద విడిగా డీఐ బాక్స్ కావాలి.

గోదారి గట్టు:
పందిరి బేస్ గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఎర్త్ పిన్ను తీసేయమని ఒక కుర్రవాడికి సలహా ఇస్తారా? మా బృందంలో ఒక గాయకుడు బేస్ కూడా వాయించేవాడు. కొబ్బరితోటలో కార్యక్రమం, జనరేటర్ కరెంటు. చెయ్యి తీగల మీద ఉంది, పెదవి మైకుకు తగిలింది. కేక కూడా వేయలేకపోయాడు, వెనక్కి పడిపోయాడు. పక్కనే ఉన్న తబలా ఆయన కేబుల్ లాగకపోతే ఆ పిల్లవాడు ఈరోజు ఉండేవాడు కాదు. ఆ యాంప్ ప్లగ్గుకు లావు పిన్ను లేదు, ఎవరో కోసేశారు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి.

పందిరి బేస్:
ఎందుకు తీసుకోవాలి? 22 ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా షాక్ కొట్టలేదు. మీ దగ్గర జరిగినది వైరింగ్ తప్పు. దానికి నా సలహాను నిందించడం ఏమిటి? వేదిక ఎక్కి పది నిమిషాల్లో పాట మొదలుకావాలి, స్పీకర్లలో గుంయ్‌మంటోంది, పెళ్లివారు కోపంగా చూస్తున్నారు. అప్పుడు ఏం చేస్తారో మీరే చెప్పండి.

వైరింగ్ పని:
నేను బేస్ వాయించను, మా అబ్బాయి వాయిస్తాడు. నా వృత్తి మాత్రం వైరింగే, అందుకే రాస్తున్నాను. మీ చేయి తీగ మీద ఉంటే, తీగ నుంచి బ్రిడ్జి, బ్రిడ్జి నుంచి కేబుల్లోని లోహపు పైతొడుగు, అక్కడి నుంచి యాంప్ లోహపు పెట్టెకు దారి ఉంటుంది. మైకు జాలీ నుంచి మిక్సర్ పెట్టెకు కూడా అలాంటిదే ఇంకో దారి. రెండు పెట్టెలకూ ఎర్త్ ఉంటే రెండూ ఒకే మట్టంలో ఉంటాయి. యాంప్ ఎర్త్ కోసేసి, లోపల ఎక్కడో ఇన్సులేషన్ పోతే, 230 వోల్టులు మీ చేతి నుంచి పెదవికి గుండె మీదుగా ప్రయాణం చేస్తాయి. 22 ఏళ్లు ఏమీ కాలేదంటే ఆ యాంపులో ఇన్సులేషన్ ఇంకా పోలేదని మాత్రమే అర్థం.

మోత ఆపాలంటే కోయవలసిన ఎర్త్ వేరే ఉంది. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది మిక్సర్‌కు పోయే ఆడియో కేబుల్లోని పైతొడుగును మాత్రం విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. యాంపూ మిక్సరూ రెండు వేర్వేరు చోట్ల నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్త్‌ల మధ్య వలయం ఏర్పడి మోత పుడుతుంది. వీలైతే రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీయండి. సగం వేదికల్లో అంతటితోనే ఆగిపోతుంది.

పందిరి బేస్:
పల్లెటూరి వేదిక మీద డీఐ బాక్స్ ఎవరు ఇస్తారు? మైక్‌సెట్ వాళ్ల దగ్గర మైకు స్టాండ్లే చాలవు.

వైరింగ్ పని:
వాళ్లు ఇవ్వరు, మీరే తీసుకెళ్లాలి. ప్యాసివ్ డీఐ బాక్స్‌కు కరెంటు కూడా అక్కరలేదు, లోపల ఉండేది ఒక ట్రాన్స్‌ఫార్మర్. అరచేతిలో పడుతుంది. జనరేటర్ అయితే వాయించే ముందు టెస్టర్ తీసుకుని యాంప్ పెట్టె మీద, మైకు జాలీ మీద ఒకసారి పెట్టి చూడండి. వెలిగితే ముట్టుకోవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

గోదారి గట్టు:
ధన్యవాదాలు సార్. ఈ రెండు జవాబులూ ముద్రించి మా రిహార్సల్ గదిలో అతికిస్తాను.

ఎడిసన్ బేస్:
కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను. విజయవాడలో ఉన్న మా బావమరిదికి ఒక పెడల్, దానితో వచ్చిన అడాప్టర్ పంపాను. మొదటి రోజే పొగ. ఆ అడాప్టర్ ఇక్కడి 120 వోల్టులకు మాత్రమే చేసినది. అన్నీ అలా ఉండవు, 100 నుంచి 240 వరకు తీసుకునేవి కూడా ఉన్నాయి, వెనుక సన్నని అక్షరాల్లో రాసి ఉంటుంది. నేను చదవలేదు. అమెరికా నుంచి పెడల్ తెప్పించుకునేవాళ్లు పెడల్ ఒక్కటే తెప్పించుకోండి, అడాప్టర్ ఇండియాలోనే కొనండి. 9 వోల్టులు, ప్లగ్గు మధ్యలో నెగటివ్, ఎన్ని మిల్లీయాంపులు కావాలో పెడల్ మీద చూసుకుని.

మంద్రస్థాయి:
ఎడిసన్ గారి మాటకు ఇంకొకటి. మోత అడాప్టర్ వల్లనా కాదా తేల్చుకోవడానికి పెడల్లో 9 వోల్టుల బ్యాటరీ వేసి చూడండి. మోత పోతే దోషి అడాప్టరే. ఒక్క అడాప్టర్ నుంచి గొలుసులా నాలుగైదు పెడల్స్‌కు ఇస్తే, వాటిలో డిజిటల్‌ది ఒకటి ఉన్నా కీచుమనే అవకాశం ఉంటుంది. ఒక్కో దానికి విడి దారి ఉన్న ఐసోలేటెడ్ పవర్ సప్లై ఖరీదే, కానీ ఈ తలనొప్పి తగ్గిస్తుంది. బ్యాటరీ వాడేవాళ్లు పని అవగానే ఇన్‌పుట్ కేబుల్ తీసేయాలి, అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

మిక్సర్ వెనుక:
ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరూ మిక్సర్ వైపు చూడలేదు. నేను సౌండ్ ఆపరేటర్‌ని. నాలుగు తీగలు గారూ, మీ ఛానెల్ మీద లో కట్ బటన్ నొక్కి ఉందా? మైకుల్లో గాలి చప్పుడు, స్టాండ్ అదురు రాకుండా 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర కోసే బటన్ అది. పాటగాళ్ల ఛానెళ్లన్నిటికీ నొక్కుతూ పోయేవాళ్లు బేస్ ఛానెల్‌కు కూడా నొక్కేస్తారు. అప్పుడు మీ 41 పోయింది, 55 పోయింది, మూడో తీగ 73 కూడా పలచబడింది. మిగిలింది సన్న తీగ 98 ఒక్కటే. వేల రూపాయల పెడల్ పెట్టినా పోయినది తిరిగి రాదు.

ఇంకో సంగతి. ప్యాసివ్ బేస్‌ను మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చితే తీగ కంపనాన్ని పట్టే పికప్ మీద భారం పడి పై మెరుపు చచ్చిపోతుంది. బేస్‌కు పది లక్షల ఓమ్‌ల దాకా ఉన్న ఇన్‌పుట్ కావాలి, అక్కడ ఉండేది తరచుగా పది వేలు. పైగా వేదిక నుంచి మిక్సర్ దాకా పొడవాటి మామూలు కేబుల్ లాగితే దారి పొడవునా మోతను మోసుకొస్తుంది. డీఐ లేకుండా బేస్ తెచ్చి, శబ్దం బాగాలేదని మమ్మల్ని తిట్టడం మానండి.

ఐదో ఫ్రెట్:
మిమ్మల్ని ఎవరూ తిట్టలేదు సార్. కానీ మేము బేస్ పెంచమంటే తల ఊపి, నాబ్ ముట్టుకోకుండా కూర్చునే ఆపరేటర్లను నేను నాలుగు వేదికల మీద చూశాను. అమ్మాయి బేస్ వాయిస్తోందంటే అసలు వినిపించుకోరు. ఆ కోపం మాకూ ఉంటుంది.

మిక్సర్ వెనుక:
అలాంటివాళ్లు ఉన్నారమ్మా, కాదనను. నేను మాత్రం ముందు బేస్, కిక్ డ్రమ్ సరిచేసుకున్నాకే మిగతావి తెరుస్తాను. ఒక్క మాట వినండి. మీలో కొందరి పెడల్ బోర్డులో డ్రైవ్ తొక్కితే శబ్దం రెండింతలవుతుంది, కోరస్ అనే ఎఫెక్ట్ తొక్కితే సగమవుతుంది. తొక్కినా, తొక్కకపోయినా ఒకే మట్టం ఉండేలా ఇంట్లోనే సరిచేసుకుని రండి. కంప్రెసర్ కూడా అంతే. స్వరమంతా నలిగిపోయేదాకా బిగించి పంపితే ఇక్కడ దాన్ని విప్పే మార్గం నాకు లేదు.

కుడిచేయి బొటనవేలు:
కంప్రెసర్‌ను అలా తీసిపారేయకండి. నేను స్లాప్, అంటే బొటనవేలితో తీగను కొట్టి వాయిస్తాను. కంప్రెసర్ లేకపోతే బొటనవేలి దెబ్బ ఒకటి ఆకాశంలో, ఇంకొకటి పాతాళంలో. నొక్కే నిష్పత్తి 4:1, అటాక్ (నొక్కడం మొదలయ్యే వేగం) కాస్త నిదానంగా పెడితే మొదటి దెబ్బ బయటికి దూకుతుంది, తరవాతిది సర్దుకుంటుంది. ఎంత నొక్కుతోందో దీపాలతో చూపించే ఎంఎక్స్ఆర్ ఎం87 లాంటిది అయితే కొత్తవాళ్లు కళ్లతో చూసి నేర్చుకోవచ్చు. పెడల్స్ వరసలో డ్రైవ్‌కు ముందు పెట్టాలి.

మంద్రస్థాయి:
డ్రైవ్‌కు ముందు పెడితే వేలి ఒత్తిడితో డ్రైవ్‌ను పెంచి తగ్గించే అవకాశమే పోతుంది. మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరా, నాకు కావలసింది అదే. నేను తరవాతే పెడతాను. ఒక స్థాయి కింది స్వరాన్ని కలిపే ఆక్టేవ్ మాత్రం అన్నిటికన్నా ముందు. ఓసీ-2 లాంటి పాత అనలాగ్ ఆక్టేవ్‌కు శుద్ధమైన ఒంటి స్వరం ఇవ్వాలి, లావు తీగ కింది ఫ్రెట్లలో అది తడబడుతుంది.

కుడిచేయి బొటనవేలు:
మీది వేళ్ల పద్ధతి, నాది స్లాప్. అందరికీ ఒకే వరస అని నేను అనలేదు.

మంద్రస్థాయి:
"పెట్టాలి" అన్నారు. పైన ఉంది, చదవండి.

పాత క్యాసెట్:
మీరు పోట్లాడుకోండి, నాకు వేరే సందేహం. ఇళయరాజా గారి పాటల్లో బేస్ పక్కన ఇంకో పాట పాడుతున్నట్టు ఉంటుంది. అది ఫోను చిన్న స్పీకర్లో కూడా నాకు వినపడుతుంది. ఇప్పటి మా రికార్డింగుల్లో బేస్ హెడ్‌ఫోన్స్‌లో గర్జిస్తుంది, ఫోనులో ఉండనే ఉండదు. ఎందుకు?

మంద్రస్థాయి:
ఎంత మంచి ప్రశ్న అడిగారు! ఫోను స్పీకర్‌కు 41 హెర్ట్జ్‌ను పలికించే శక్తే లేదు. కానీ తీగ మీటినప్పుడు 82, 123, 164 అంటూ దాని గుణిజాలు కూడా పుడతాయి. వాటిలో పైవి కొన్ని వినిపించినా చాలు, చెవి అడుగు స్వరాన్ని తానే పూరించుకుంటుంది. మీ రికార్డింగులో అడుగు మాత్రమే ఉండి పైవి లేకపోతే ఫోనులో శూన్యం. బేస్‌కు కొద్దిగా డ్రైవ్ కలపడంలో అసలు లాభం ఇక్కడే ఉంది. విడిగా వింటే గరుకుగా అనిపిస్తుంది, పాటలో కలిశాక గరుకు కనబడదు, బేస్ మాత్రం కనబడుతుంది. నాలుగు తీగలు గారికి నేను డ్రైవ్ వద్దనలేదు, బ్లెండ్ లేని డ్రైవ్ వద్దన్నాను.

నాలుగు తీగలు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున చర్చికి గంట ముందే వెళ్లాను. మిక్సర్ వెనుక గారు చెప్పిన బటన్ నొక్కే ఉంది. రెండేళ్లుగా! తీసేసి లావు తీగ మీటితే కిటికీ అద్దాలు కదిలాయి, కీబోర్డు వాయించే అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. మిత్రుడి పెడల్లో బ్యాటరీ వేసి చూశాను, మోత చాలావరకు తగ్గింది. అది తిరిగి ఇచ్చేస్తాను. ముందు ప్యాసివ్ డీఐ బాక్స్, ఒక టెస్టర్ కొన్నాను. మిగిలిన డబ్బుతో బ్లెండ్ ఉన్న ప్రీయాంప్ చూస్తున్నాను. బెహ్రింగర్ బీడీఐ21 చవకగా దొరుకుతోంది, ఎవరైనా వాడారా?

ఐదో ఫ్రెట్:
మా జూనియర్ దగ్గర ఉంది. బ్లెండ్ పూర్తిగా తిప్పితే మధ్య స్థాయి లోపలికి పోతుంది, శాన్స్‌యాంప్ మొదటి తరందీ అదే తీరు, మిడ్ నాబ్ లేదు. ఇంట్లో గంభీరంగా వినిపించేది వేదిక మీద గిటార్ల మధ్య మునిగిపోతుంది. సగం దగ్గర ఆపండి.

పందిరి బేస్:
తమ్ముడూ, ఆ డీఐ బాక్స్ ఎక్కడ కొన్నావు? శుక్రవారం నాకు ఒక పెళ్లి ఉంది.